గిట్: టీమ్ తగవులు తీర్చే టూల్

డెవలపర్ టూల్స్ మీద వచ్చే సమీక్షలన్నీ నిన్నమొన్న పుట్టినవాటి గురించే. నేను రాస్తున్నది 2005 నాటి గిట్ గురించి: కోడ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చరిత్రగా దాచిపెట్టే టూల్ అది. లినక్స్ కెర్నల్ బృందం అప్పటిదాకా అలాంటిదే అయిన బిట్‌కీపర్‌ను ఉచితంగా వాడుకునేది; ఆ వెసులుబాటు పోవడంతో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏడాది ఏప్రిల్‌లో గిట్ రాయడం మొదలుపెట్టారు. కొన్ని నెలలకే దాని నిర్వహణ జునియో హమానో చేతికి వెళ్లింది. నేను దీన్ని కోడ్ రాసేవాడిగా కొన్నేళ్లు, టీమ్‌ను నడిపేవాడిగా అంతకన్నా ఎక్కువ కాలం వాడాను. దీని అసలు విలువా, అసలు చిరాకూ రెండో పాత్రలోకి వచ్చాకే తెలిశాయి.

ముందు నాకు బాగా నచ్చినది చెబుతాను: బైసెక్ట్, అంటే ఏ మార్పుతో తప్పు మొదలైందో వెతికిపెట్టే కమాండ్. ఒకసారి మా బిల్లింగ్ మాడ్యూల్‌లో పన్ను మొత్తం అక్కడక్కడా ఒక పైసా తేడాతో రావడం మొదలైంది. సరిగ్గా ఉన్న రిలీజుకూ తప్పుగా ఉన్న రిలీజుకూ మధ్య ఎనిమిది వందల కమిట్లు (గిట్‌లో ఒకసారి నమోదు చేసిన మార్పుల మూట ఒక కమిట్). ఎవరి మార్పు వల్ల అనే వాదనకు దిగితే ఆ రోజంతా మీటింగుకే సరిపోయేది. దానికి బదులు, పైసా తేడాను పట్టే చిన్న స్క్రిప్టు రాసి బైసెక్ట్ రన్‌కు అప్పగించాం. అది ప్రతిసారీ మిగిలిన కమిట్లను సగానికి తగ్గించుకుంటూ పోతుంది కాబట్టి ఎనిమిది వందలకు పది పరీక్షలు చాలు. స్క్రిప్టు 0 ఇస్తే కమిట్ మంచిది, 1 ఇస్తే చెడ్డది. మధ్యలో బిల్డే కాని కమిట్ తగిలినప్పుడు 125 ఇస్తే దాన్ని పక్కన పెట్టి ముందుకు వెళ్తుంది. ఈ 125 సంగతి తెలియక, బైసెక్ట్ మా ప్రాజెక్టులో పనిచేయదని తేల్చేసినవాళ్లను చూశాను.

మేము టీ తాగి వచ్చేసరికి కమిట్ దొరికింది. తెరిచి చూస్తే అందులో నలభై ఫైళ్లు, సందేశం ‘చిన్న మార్పులు’. ఒక్కో వస్తువుకు విడివిడిగా చేయాల్సిన రౌండింగును చివర మొత్తానికి ఒకేసారి చేసే వరుస ఆ గుంపులో ఎక్కడో ఉంది. దాన్ని కళ్లతో వెతకడానికి బైసెక్ట్‌కు పట్టిన సమయానికి రెట్టింపు పట్టింది. కమిట్లు చిన్నవిగా ఉండాలని నేను అంతకు ముందు ఎన్నిసార్లు చెప్పినా చాదస్తం అనుకున్నవాళ్లు ఆ తర్వాత నోరెత్తలేదు.

సందేశాల విషయంలో ఇప్పుడు కొత్త తలనొప్పి వచ్చింది. ఏఐ సహాయకులు కమిట్ సందేశం కూడా రాసి పెడుతున్నాయి. చక్కటి వాక్యాలే, కానీ ఏ ఫంక్షన్ పేరు మారిందో, ఏ ఫైలు చేరిందో వివరిస్తాయి. అది డిఫ్ (పాత కోడ్‌కూ కొత్తదానికీ తేడా) చూస్తే తెలుస్తుంది కదా! ఈ మార్పు ఎందుకు అవసరమైంది, ఏ కస్టమర్ ఫిర్యాదు వల్ల వచ్చింది అన్నది రాసినవాడి తలలో తప్ప ఎక్కడా ఉండదు. అందుకే మా రివ్యూలో ‘ఎందుకు’ లేని సందేశాన్ని వెనక్కి పంపుతాం, ఎవరు రాసినా, ఏది రాసినా.

ఇక తగవుల సంగతి. మా పాత ప్రాజెక్టుకు కోడ్ అమరికను ఒకే తీరులోకి తెచ్చే ఫార్మాటర్ పెట్టాలని కుర్రవాళ్లు పట్టుబట్టారు. సీనియర్లు ససేమిరా అన్నారు. కారణం లేకపోలేదు: ఫైళ్లన్నీ ఒక్కసారి మార్చేస్తే బ్లేమ్ (ఏ వరుసను చివరిగా ఎవరు మార్చారో చూపే కమాండ్) చూసినప్పుడు ప్రతి వరుస పక్కనా ఆ ఫార్మాటర్ కమిట్ పేరే కనిపిస్తుంది, అసలు రాసినవాళ్ల జాడ మరుగున పడుతుంది. దీనికి మందు 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షన్‌లో ఉంది. పట్టించుకోనక్కర్లేని కమిట్ల జాబితాను ఒక ఫైల్లో రాసి కాన్ఫిగ్‌లో చూపిస్తే బ్లేమ్ వాటిని దాటేసి వెనక్కి వెళ్తుంది. చెప్పిన వెంటనే ఇరుపక్షాలూ మెత్తబడ్డాయి. విడుదల నోట్సు చదవడం లీడ్ పనిలో భాగమని నేను నమ్మడం అక్కడే మొదలైంది. గిట్ కొత్త వెర్షన్ రెండు మూడు నెలలకొకటి వస్తుంది. నోట్సు చదవడానికి అరగంట కన్నా పట్టదు. అదే అరగంట ఈ వారం పుట్టిన టూల్ వీడియో మీద పెడితే నా టీమ్‌కు ఒరిగేది తక్కువ.

ఆ వెర్షన్‌లోనే స్విచ్, రిస్టోర్ అనే కమాండ్లు వచ్చాయి. అప్పటిదాకా బ్రాంచి (కోడ్‌లో విడిగా సాగే పని పాయ) మారాలన్నా చెకౌటే, ఫైల్లో చేసుకున్న మార్పులు పారేయాలన్నా చెకౌటే. ఒక పని హానిలేనిది, ఇంకోటి మధ్యాహ్నం నుంచి రాసుకున్నదాన్ని తుడిచేసేది. రెంటికీ ఒకే పేరు పెట్టడం దారుణమని ఇప్పటికీ అంటాను. కొత్తగా చేరినవాళ్లకు చెకౌట్ నేర్పడమే మానేశాం.

ఒకే చోటును ఇద్దరు వేర్వేరుగా మార్చినప్పుడు వచ్చే కాన్‌ఫ్లిక్టుల విషయంలో అందరికీ తప్పనిసరి చేసిన సెట్టింగు ఒకటుంది. మామూలుగా గిట్ నీ మార్పు, అవతలివాడి మార్పు మాత్రమే చూపిస్తుంది. కాన్‌ఫ్లిక్ట్ స్టైల్‌ను జెడ్‌డిఫ్3కి మారిస్తే ఆ రెంటి మధ్యా, ఇద్దరూ ముట్టుకోకముందు అసలు ఏముందో కూడా చూపిస్తుంది. ఎవరు ఏది ఎందుకు మార్చారో అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఇది 2022 జనవరి నుంచి ఉన్నా, ఇంటర్వ్యూకు వచ్చే అనుభవజ్ఞుల్లో చాలామంది పేరు కూడా వినలేదు.

రీబేస్ (తన కమిట్లను కొత్త పునాది మీదికి మార్చడం) చేయబోయి పనంతా పోగొట్టుకున్నానని మొహం వేలాడేసుకుని వచ్చేవాళ్లు మా టీమ్‌లో ప్రతి ఏడాదీ ఉంటారు. బ్రాంచి ఎప్పుడు ఏ కమిట్ దగ్గర ఉందో గిట్ రాసిపెట్టుకునే రెఫ్‌లాగ్ తెరిచి చూపిస్తాను. కమిట్ చేసినది ఏదీ అంత సులభంగా పోదు. ఏ బ్రాంచీకీ అందని కమిట్ల జాడ కూడా మామూలుగా 30 రోజులు ఉంటుంది. కమిట్ చేయనిదానికి మాత్రం ఇంత భరోసా లేదు. అందుకే సాయంత్రం ఇంటికి వెళ్లేముందు పని సగంలో ఉన్నా సొంత బ్రాంచిలో కమిట్ చేసి వెళ్లమంటాను. ఉమ్మడి బ్రాంచి మీద ఫోర్స్ పుష్‌ను, అంటే అక్కడున్న చరిత్రను బలవంతంగా మార్చేయడాన్ని, సర్వర్‌లోనే ఆపేశాం. సొంత బ్రాంచి మీదైనా, మనం చూడని కమిట్లు అక్కడుంటే ఆగిపోయే ఫోర్స్ విత్ లీజ్ వాడాల్సిందే.

నచ్చనివీ ఉన్నాయి. డిజైన్ ఫైళ్లు, వీడియోల్లాంటి పెద్ద బైనరీలను ఇది సరిగ్గా మోయలేదు. పెద్ద ఫైళ్లను విడిగా దాచే ఎల్‌ఎఫ్‌ఎస్ వాడుతున్నాం, పని నడుస్తుంది, కొత్త మెషీన్ సిద్ధం చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం తగులుతుంది. దోష సందేశాలు మునుపటి కన్నా మెరుగే అయినా, ‘డిటాచ్డ్ హెడ్’ (ఏ బ్రాంచి మీదా లేవు) అని చూడగానే కంగారుపడని కొత్తవాళ్లను నేనింకా చూడలేదు.

గిట్ వెర్షన్ 3.0లో కొత్త రిపాజిటరీల్లో (కోడ్, దాని చరిత్ర ఉండే చోట్లు) కమిట్లకు గుర్తుగా ఇచ్చే హ్యాష్‌ను లెక్కించడానికి ఎస్‌హెచ్‌ఏ-1 బదులు ఎస్‌హెచ్‌ఏ-256 వాడే ఆలోచన ఉంది. పాతవి ఎప్పటిలాగే నడుస్తాయి కాబట్టి తొందరేమీ లేదు. అయినా ఒక ఖాళీ రిపాజిటరీని ఆ పద్ధతిలో తెరిచి మా బిల్డ్ వ్యవస్థకు తగిలించి చూస్తున్నాం. హ్యాష్ ఎప్పుడూ 40 అక్షరాలే ఉంటుందని నమ్మి రాసిన డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టు ఒకటి మొదటి రోజే బయటపడింది. దాన్ని సరిచేసే పని ఈ నెల జాబితాలో ఉంది.