నల్లగొండలో ఒక బైండింగు షాపు, ఒక తానీషా

పుస్తకం వెన్ను మీద బంగారు రంగు అక్షరాల్లో "తానీషా జూలియన్" అని ఉంది. రామదాసును చెరసాలలో పెట్టిన గోలకొండ నవాబు తీరిక చేసుకొని ఫ్రెంచిలో గ్రంథం రాసినట్టు! ఈ షాపుకు నేనిచ్చే మార్కులు ఐదుకు నాలుగు. తగ్గిన ఆ ఒక్క మార్కూ తానీషా ఖాతాలోకే పోతుంది.

క్లాక్ టవర్ సెంటర్ నుంచి కొద్ది నిమిషాల నడక. మంచితో పాటు చెడు కూడా రాస్తున్నాను కనుక షాపు పేరు చెప్పను. ముందు భాగంలో రెండు జిరాక్స్ యంత్రాలు, కంప్యూటర్ దగ్గర ఒక అబ్బాయి, ప్రాజెక్టు రిపోర్టులు చేతపట్టుకొని నిలబడ్డ డిగ్రీ పిల్లలు. వెనక గదిలో చాప మీద అబ్బాయి తండ్రి. బైండింగు పని ఆయనది.

నేను తీసుకెళ్ళింది పెన్ డ్రైవులో రెండు సంపుటాలు. స్తానిస్లాస్ జూలియన్ అనే ఫ్రెంచి పండితుడు చైనా భాష నుంచి అనువదించిన హ్యూయన్ త్సాంగ్ జీవితచరిత్ర, 1853 నాటిది; ఆ యాత్రికుడి ప్రయాణ వృత్తాంతంలో చివరి భాగం, 1858 నాటిది. రెండూ కలిపి దాదాపు 1,150 పేజీలు. ఫోను తెరమీద అంత చదివే కళ్ళు నాకిప్పుడు లేవు. పదవీ విరమణ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకొని నేర్చుకున్న నా ఫ్రెంచి రోజుకు రెండు పేజీలు నడిస్తే గొప్ప.

"స్పైరల్ వేసిస్తాను సార్, గంటలో అయిపోతుంది" అన్నాడు అబ్బాయి. లోపలి నుంచి పెద్దాయన తల ఎత్తి, "ఎన్నాళ్ళు చదువుతారు సార్?" అని అడిగాడు. ఓపిక ఉన్నన్నాళ్ళూ అన్నాను. "అయితే కుట్టాల్సిందే" అన్నాడు. బేరం అక్కడే కుదిరింది.

ఈ జూలియన్ నాకు ఎలా తగిలాడో చెప్పాలి. హాలియా దగ్గర ఒక బడిలో చాలా ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పాను. ఏటా పిల్లల్ని సాగర్‌లో లాంచీ ఎక్కించి నాగార్జునకొండకు తీసుకెళ్ళేవాణ్ణి. ఏడో శతాబ్దంలో హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చాడు అని చెప్పి ముందుకు పోవడం అలవాటు. ఒకసారి ఒక ఆడపిల్ల లేచి, "సార్, చైనా ఆయన మన ఊళ్ళ పేర్లు వాళ్ళ లిపిలో రాసుకుంటే, అది ఫలానా ఊరని మనకు ఎవరు చెప్పారు?" అని అడిగింది. రేపు చెప్తానన్నాను. ఆ రేపు రావడానికి పదిహేనేళ్ళు పట్టింది.

జూలియన్ పుట్టింది 1797లో, ఓర్లియాన్స్‌లో. మొదట గ్రీకు పండితుడు. ఇరవై ఆరేళ్ళ వయసులో పారిస్‌లో ఆబెల్ రెమ్యూసా చైనా భాషా పాఠాలకు వెళ్ళి కూర్చున్నాడు. ఒకటి రెండేళ్ళు తిరగకముందే మెన్షియస్ అనే చైనా తత్త్వవేత్త గ్రంథాన్ని లాటిన్‌లోకి దించడం మొదలుపెట్టాడు. 1832లో రెమ్యూసా కలరాతో పోయాడు. పారిస్‌లోని కాలేజ్ ద ఫ్రాన్స్ అనే విద్యాసంస్థలో ఆ గురువు ఆచార్య పీఠం శిష్యుడికి దక్కింది. 1873లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళకు పైగా, దాని మీద ఉన్నది ఆయనే. ఇంత చేసి, చైనా నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు.

1837లో ప్రభుత్వం అడిగితే చైనా గ్రంథాల్లోంచి మల్బరీ సాగు, పట్టుపురుగుల పెంపకం గురించిన విషయమంతా తీసి ఫ్రెంచిలో పెట్టాడు. పోచంపల్లిలో మగ్గం ఉన్న నా మిత్రుడికి ఈ సంగతి చెబితే, "చైనా చూడకుండా చైనా పట్టు గురించా? మా దగ్గరికి వచ్చే డిజైన్ల వాళ్ళు కూడా ఇంతే, నూలు ముట్టుకోరు" అని కొట్టిపారేశాడు. నేను వాదించలేదు. పింగాణీ తయారీ మీద కూడా 1856లో ఒక పుస్తకం ఉంది. మనిషి మాత్రం మహా కోపిష్టి. పోతియే అనే సాటి పండితుడి తప్పులు ఏరి, అచ్చు వేసి మరీ పంచాడు. మన సాహిత్య సభల్లోనూ అలాంటివాళ్ళు తగులుతుంటారు. కాకపోతే వాళ్ళ చేతిలో కరపత్రం ఉంటుంది, పాండిత్యం ఉండదు.

నాకు కావలసింది ఆ కోపం కాదు, ఆ కోపిష్టి కూర్చుని విప్పిన చిక్కుముడి. చైనా లిపిలో మనలా అచ్చులూ హల్లులూ లేవు. ఒక్కో గుర్తుకు ఒక్కో మాట, ఒక్కో పలుకు. సంస్కృతం పేరు వస్తే ఆ పలుకులకు దగ్గరగా ఉన్న గుర్తుల్ని వరసగా పేర్చి రాసుకున్నారు. ఆంధ్ర కాస్తా "ఆన్-తా-లో" అయింది. ధాన్యకటకం "తో-నా-కీ-త్సే-కియా" అయింది. మన నాగార్జునుడు "నా-కియా-ఓ-లా-షు-నా" అయ్యాడు. వాళ్ళ నాలుకకు "ర" లేదు, "ల"తో సరిపెట్టారు. జూలియన్ ఇది పట్టుకోవడానికి సంస్కృతం కూడా నేర్చుకున్నాడు. ఏ గుర్తు ఏ సంస్కృత అక్షరానికి బదులు వచ్చిందో వెతికి వెతికి, 1,100 గుర్తుల పట్టికతో 1861లో ఏకంగా ఒక పద్ధతినే అచ్చువేశాడు. ఆ వెతుకులాట జరిగాక గాని ఆ పేర్లు వెనక్కి నడిచి మన ఊళ్ళకు రాలేదు. ఆ పిల్ల అడిగిన "ఎవరు చెప్పారు" అన్న ప్రశ్నకు జవాబులో మొదటి పేరు ఇది.

ఇక షాపు పని. అబ్బాయి పేజీల వరస కంప్యూటర్‌లోనే సరిచేసి, మధ్యకు మడిచేలా ప్రింటు తీశాడు. ఒక్కో ఫారం, అంటే కలిపి మడిచే కాగితాల కట్ట, పదహారు పేజీలు. పెద్దాయన ప్రతి మడత మీదా దబ్బనంతో ఐదు రంధ్రాలు పొడిచి, మైనం రాసిన నూలు దారంతో కుట్టాడు. మైదా గంజిలో చిటికెడు మైలుతుత్తం కలిపి వెన్నుకు పట్టించాడు. "పురుగు దగ్గరికి రాదు సార్" అన్నాడు. పైన ఎర్ర క్యాలికో గుడ్డ. రాత్రంతా సానరాయి కింద బరువు. పుస్తకం బల్ల మీద పరిస్తే ఎక్కడ తెరిస్తే అక్కడే ఉంటుంది, చేత్తో అదిమిపట్టే పని లేదు. అడుగునున్న పాదసూచికలు ఒక్క గీత కూడా కోతకు పోలేదు. పాత కాగితపు మరకలు కూడా ప్రింటులో వచ్చాయి, అది స్కాన్ తప్పు, వీళ్ళది కాదు.

నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది. ప్రాజెక్టు రిపోర్టుల రద్దీ అన్నారు. దానికి మార్కులు తగ్గించలేదు, డిగ్రీ పిల్లల తొందర నాకు తెలుసు.

వెన్ను మీద ఏమి వేయాలో ఫోనులో అడిగాడు. స్తానిస్లాస్ జూలియన్ అని రెండుసార్లు చెప్పాను. వెళ్ళి చూస్తే తానీషా. ఇదేమిటండీ అంటే పెద్దాయన నొచ్చుకోకుండా ఇత్తడి అక్షరాల పెట్టె తెరిచి చూపించాడు. "ఇందులో ఆ ఒత్తులు లేవు సార్. ఉన్న అక్షరాలతో, మీరు అన్నదానికి దగ్గరగా ఉన్న పేరు పెట్టాను. తానీషా అంటే అందరికీ తెలుస్తుంది కదా!" కోప్పడదామని వెళ్ళినవాణ్ణి, ఆ పెట్టె వంక చూస్తూ ఉండిపోయాను. ఆన్-తా-లో అని రాసుకున్నవాళ్ళ ముందు కూడా ఇలాంటి పెట్టే ఒకటి ఉండి ఉంటుంది.

గీకితే గుడ్డ మీద మచ్చ పడుతుందన్నాడు. ఉండనిమ్మన్నాను. రెండో సంపుటానికి మాత్రం కాగితం మీద "జూలియన్" అని ఒక్క మాటే రాసిచ్చాను, సరిగ్గా వచ్చింది. ప్రింట్లకు 580, బైండింగుకు ఒక్కోదానికి 250, మొత్తం 1,080 రూపాయలు. ఇంత పనికి ఇది తక్కువే.

వెళ్ళేవాళ్ళు పరీక్షల ముందు వెళ్ళకండి. కుట్టు బైండింగే కావాలని ముందే చెప్పండి, లేకపోతే అబ్బాయి స్పైరల్ వేసేస్తాడు. పేరులో ఒత్తులుంటే ఆ ఇత్తడి పెట్టె ఒకసారి చూపించమనండి.