పాత యజమాని ఫోనులోనే ఉండిపోయిన వాకిలి

నల్లగొండ రామగిరిలో పాత ఇల్లు కొన్నాం. అమ్మినవారు ఇది స్మార్ట్ హోమ్, అంటే ఫోనుతో నడిపించుకునే ఇల్లు అని చెప్పి తలుపు తాళం, వాకిట్లో కెమెరా, హాలులో స్విచ్చులు చూపించి ధర పెంచారు.

తాళం నాకు నిజంగా నచ్చింది. అమ్మ ఇప్పుడు చీకట్లో కొంగుముడి విప్పి తాళంచెవి వెతుక్కోనక్కర్లేదు, వేలు ఆనిస్తే చాలు. లోపల బ్యాటరీలు ఉంటాయి కాబట్టి కరెంటు పోయినా తలుపు తెరుచుకుంటుంది.

కానీ రిజిస్ట్రేషన్ అయిన వారానికి కూడా మా వాకిలి పాత యజమాని ఫోనులో కనిపిస్తోందని తెలిసి వణికిపోయాను. ఆయనది దురుద్దేశం కాదు, మరచిపోయారు. అయినా ఇంట్లో ఆడపిల్లలున్నారు! ఆయన కెమెరా యాప్‌లోని తన ఖాతా నుంచి తొలగించాకే ఆ కెమెరా మా ఖాతాలో చేరింది. తాళంలోని పాత వేలిముద్రలన్నీ చెరిపి, రహస్య సంఖ్య కూడా మార్చాం. ఇల్లు కొనేవారు పూర్తి డబ్బు చెల్లించేలోపే, అమ్మేవారి ఎదుటే ఈ పని చేయించుకోండి.

స్విచ్చులు పైగదిలోనూ పెట్టిద్దామంటే, ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి న్యూట్రల్ తీగ లేదన్నాడు. ఇలాంటి స్విచ్చుల్లో చాలావాటికి, ఆపి ఉంచినప్పుడు కూడా కరెంటు అందాలంటే ఆ తీగ కావాలి. పాత ఇళ్లలో అది లేకపోవడం మామూలే. కొత్త తీగ లాగాలంటే గోడ తొలవాలి. తాళానికి కాస్త ఎక్కువ ఇచ్చినందుకు నాకు బాధ లేదు. స్విచ్చుల పేరుతో ఇచ్చింది మాత్రం దండగే. పైగదికి మామూలు స్విచ్చులే పెట్టించాను.