ఆంబోతుకు ధర కట్టేటప్పుడు ఏది మేలు: తూకమా, వంశమా, జన్యు అంచనాయా?

ఒకే వేలానికి వచ్చిన రెండు ఆంబోతులను పక్కపక్కన నిలిపి చూద్దాం. మొదటిది పుట్టినప్పుడు 40 కిలోలు తూగింది, రెండవది 36 కిలోలే. పుట్టుక బరువుకు సంబంధించిన సంతాన అంచనా (ఈపీడీ; ఆంబోతు దూడలు మిగతా ఆంబోతుల దూడలకంటే సగటున ఎంత ఎక్కువ లేదా తక్కువ తూగుతాయో చెప్పే అంకె) మాత్రం మొదటిదానికి +0.5 కిలోలు, రెండవదానికి +2 కిలోలు అని జాబితాలో ఉంది. తొలిచూలు పెయ్యలను చూలు కట్టించడానికి ఒకదాన్ని ఎంచుకోమంటే, ఈనేటప్పుడు ఇబ్బంది ఉండదన్న ధీమాతో చాలామంది 36 కిలోలదానికే పాట పెంచుతారు. కానీ ఆ పనికి తగినది మొదటిదే.

పశువు తూకంలో దాని జన్యువులతోపాటు తల్లి వయసు, మేత, పుట్టిన కాలం కూడా కలిసే ఉంటాయి. తొలి ఈతలో పుట్టిన దూడ సహజంగానే తేలికగా ఉంటుంది. ఆ తేలికదనం దాని సంతానానికి సంక్రమించదు. సంతాన అంచనా ఈ తేడాలను సవరించి, అదే మందలో అదే కాలంలో పుట్టిన దూడలతో పోల్చి, బంధువుల రికార్డులను కూడా కలుపుకొని లెక్కిస్తుంది. పశువు సొంత తూకం ఆ లెక్కలో అప్పటికే చేరిపోయింది కాబట్టి, అంచనాకు ఒకసారి, తూకానికి మరొకసారి ధర కట్టేవారు ఒకే సమాచారానికి రెండుసార్లు చెల్లిస్తున్నట్లే. ఆంబోతుల వేలం ధరలను విశ్లేషించిన ఆర్థికవేత్తలు, అంచనాలు చేతిలో ఉన్నా కొనుగోలుదారులు అసలు తూకాలకు గట్టిగానే డబ్బు పెడతారని గమనించారు. కంటికి కనిపించేదానిపై ఉన్నంత నమ్మకం లెక్కపై కుదరదు మరి.

వంశావళి కూడా ఉపయోగపడేదే అయినా దానికి ఒక హద్దు ఉంది. ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టిన అన్నదమ్ములిద్దరికీ పుట్టిన రోజున వంశావళి ఇచ్చే అంచనా ఒక్కటే. అయితే జన్యు వైవిధ్యంలో సుమారు సగం అటువంటి తోబుట్టువుల మధ్యనే ఉంటుంది. ఏ దూడకు ఏ జన్యువులు దక్కాయో చెప్పగలిగేది జీనోమిక్ పరీక్షే, అంటే పశువు డీఎన్ఏను చూసే పరీక్షే. వేల సంఖ్యలో జన్యు గుర్తులను ఒకేసారి లెక్కలోకి తీసుకునే ఈ పద్ధతిని 2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించగా, 2009 జనవరిలో అమెరికా పాడి పశువులకు అధికారిక జీనోమిక్ అంచనాలు మొదలయ్యాయి. అంతకుముందు పాడి ఆంబోతు విలువ తేలాలంటే దాని కూతుళ్లు ఈని పాలిచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగవలసి వచ్చేది.

అయితే జీనోమిక్ సమాచారానికి అన్ని లక్షణాల్లోనూ ఒకే విలువ కట్టడం సరికాదు. ఎదుగుదల వంటి లక్షణాన్ని అమ్మకానికి ముందే తూచి చూడవచ్చు కాబట్టి, అక్కడ పరీక్ష కొత్తగా చెప్పేది కొంతే. పాల దిగుబడిని ఆంబోతులో కొలవలేము, మాంసం నాణ్యత కోశాక గాని పూర్తిగా తెలియదు, సంతానోత్పత్తి సామర్థ్యంలో పశువుల మధ్య కనిపించే తేడాల్లో జన్యువుల వాటా చాలా జాతుల్లో పది శాతం లోపే. అదనపు ధర పెట్టవలసింది ఇటువంటి చోటనే. విశ్వసనీయత తక్కువగా ఉన్న అంచనాను కొందరు తమంతట తామే మళ్లీ తగ్గించి చూస్తారు. అది అవసరం లేదు; సమాచారం తక్కువైన కొద్దీ అంచనాను సగటు వైపు లాగే పని లెక్కింపు పద్ధతే చేస్తుంది. తక్కువ విశ్వసనీయత హెచ్చరించేది ఫలితం అటో ఇటో మారే అవకాశం గురించి మాత్రమే.

ఎంత అదనంగా పెట్టవచ్చో తేల్చేది సంతానం సంఖ్య. ఏటా 25 దూడల చొప్పున నాలుగేళ్లు వాడే ఆంబోతుకు 100 దూడలు పుడతాయి. పాలు మాన్పేనాటి బరువు అంచనాలో 8 కిలోల తేడా ఉంటే మొత్తం 800 కిలోలు. ఆ అదనపు బరువుకు దక్కే సొమ్ములో మేత ఖర్చును, రాబడి కోసం ఆగే కాలాన్ని తీసివేయగా మిగిలేదే ఈ లక్షణానికి పెట్టదగిన అదనపు ధరకు పైహద్దు. వేల దూడలకు వీర్యం అందించే కేంద్రానికి ఇదే లెక్క ఎన్నో రెట్లవుతుంది.

లోపపు జన్యువుల సంగతి వేరు. 2008లో ఆంగస్ జాతిలో వంకర దూడల వ్యాధి బయటపడింది. ఇటువంటి అంతర్గత లోపాన్ని (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేదాన్ని) మోసే ఆంబోతును అదే లోపాన్ని మోసే ఆవుతో కలిపితే, సగటున నాలుగింట ఒక దూడ లోపంతో పుడుతుంది. లోపం లేదని తేలిన ఆవుల మందలో, దూడలన్నింటినీ మాంసానికే అమ్మే రైతుకు ఆ ఆంబోతు తగ్గింపు ధరకు దొరికితే నష్టమేమీ లేదు. పెయ్యలను మందలోనే ఉంచుకునే రైతు మాత్రం దాని జోలికి పోకపోవడమే మంచిది.

కాళ్లు, గిట్టలు, స్వభావం, వీర్య పరీక్ష మాత్రం ఏ అంచనా ఉన్నా స్వయంగా చూసుకోవలసినవే. ఇక జాబితాలో మిగతా ఆంబోతులన్నింటికీ జీనోమిక్ ఫలితం ఉండి ఒక్కదాని గడి ఖాళీగా ఉంటే, పరీక్ష జరిగిందా, ఫలితాన్ని దాచారా అని పాటకు ముందే అడగాలి. సరైన జవాబు రాకపోతే ఆ పశువును సగటుదిగా కాక, అంతకంటే తక్కువదిగానే లెక్కించాలి.