జాడీలు గోడెక్కిన ఇల్లు

ఎదురింటి పిన్నిగారి మనవడికి చైనాలోని తియాన్‌జిన్‌లో మెడిసిన్ సీటొచ్చింది. మావాడూ అక్కడే చదివాడు కాబట్టి ఆవిడ మొన్న సాయంత్రం మా డాబా మీదికే వచ్చి కూర్చున్నారు. "అమ్మాయ్, మీరు 2019లో వెళ్లొచ్చారుగా, అక్కడ చూడ్డానికేమైనా ఉందా?" అని అడిగారు. బెజవాడ ఎండకి స్లాబు వేడెక్కకుండా మేం అతికించిన తెల్ల టైల్స్ ముక్కలు కాళ్ల కింద ఉన్నాయి. "ఇలా ముక్కలు అతికించిన ఇల్లొకటుంది పిన్నిగారూ. కాకపోతే అవి పాతకాలం పింగాణీవి" అన్నాను.

మేం దసరా సెలవుల్లో వెళ్లి తప్పు చేశాం. అక్టోబర్ 1 నుంచి వారం పాటు ఆ దేశమంతా సెలవులే. చీఫెంగ్ రోడ్డులో ఆ ఇంటి ముందు జనం, మూలా నక్షత్రం రోజు కొండ మీద క్యూ లాగే ఉన్నారు. 1920ల నాటి ఫ్రెంచి తరహా మేడ అది. ఝాంగ్ లియెన్‌జి అనే హోటల్ వ్యాపారి కొని, తను పోగేసిన పింగాణీ అంతా గోడలకెక్కించి 2007లో తెరిచాడు. పళ్లేలు, గిన్నెలు, పిల్లి ఆకారంలో పింగాణీ దిండ్లు, మధ్యమధ్య స్ఫటికం, పాలరాతి బొమ్మలు. పైన డ్రాగన్లు మెలికలు తిరిగి ఇంగ్లిష్ అక్షరాల్లో 'చైనా' అని కనిపిస్తాయి. ప్రహరీ నిండా కూజాలే. వాళ్ల భాషలో కూజాని 'పింగ్' అంటారట, క్షేమం అనే మాటలోనూ అదే పలుకు ఉందట. అందుకని గోడ కట్టేశాడు! నాకు అన్నిటికంటే ఆ గోడే నచ్చింది.

మొత్తం 70 కోట్ల ముక్కలని చెబుతారు. మావాడు ఫోన్లో లెక్కేశాడు. సెకనుకొకటి చొప్పున నిద్ర లేకుండా అతికించినా 22 ఏళ్లు పడుతుంది. నేనైతే నమ్మలేదు. మావారు మాత్రం "వందల ఏళ్లు నిలిచిన గిన్నెల్ని సిమెంటులో పాతేశాడే" అని దారి పొడుగునా బాధపడ్డారు.

టికెట్ కొని లోపలికెళ్లాం గానీ, ఇరుకు మెట్ల మీద తోపులాటలో పాత కుర్చీలూ విగ్రహాలూ సరిగా చూసిందే లేదు. రోడ్డు మీద నిలబడి అరగంట చూస్తే చాలు. మిగిలిన పూట దగ్గర్లో 'ఐదు వీధులు' అనే పాత పేటలో గడపండి. పాత విదేశీ బంగళాలు, చెట్ల నీడ, హాయిగా నడవచ్చు. నది వంతెన మీది 120 మీటర్ల జెయింట్ వీల్ కింద నుంచి చూసినా సరిపోతుంది.

బీజింగ్ నుంచి బుల్లెట్ రైలు అరగంటే, మేం వెళ్లిన 2019లో టికెట్ 55 యువాన్ల లోపే ఉండేది. టీ పోసి పెట్టినా తొణకదేమో అనిపించింది. తిండితోనే తంటా. ఆ ఊళ్లో పేరుమోసిన ఆవిరి బన్నుల్లో ఎక్కువగా పంది మాంసమే ఉంటుంది. కందిపొడి, నెయ్యి, చిన్న కుక్కర్ తీసుకెళ్లండి.

అసలు టెన్షన్ బసతో వచ్చింది. ముందే డబ్బు కట్టిన ఒక చవక హోటల్ వాళ్లు రాత్రి 10 గంటలకి పాస్‌పోర్టులు చూసి, విదేశీయుల్ని ఉంచుకోం అనేశారు. స్టేషన్ దగ్గర పెద్ద హోటల్లో రెట్టింపు పోశాం. గది శుభ్రంగా ఉంది, కెటిల్ ఉంది, అదే మమ్మల్ని బతికించింది. పిన్నిగారూ, బుక్ చేసే ముందు విదేశీయుల్ని తీసుకుంటారో లేదో మీ మనవడి చేత ఫోన్ చేయించండి. వాడి స్నేహితుల ఇంట్లో దిగితే మాత్రం 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి.