పాలసీసా: గాజుదా, ప్లాస్టిక్‌దా, స్టీలుదా? ఏది మేలు?

పాలసీసా కొనేటప్పుడు పగులుతుందా, బరువుగా ఉందా అనే చూస్తాం. వేడి పాలు పోస్తే ఆ సీసాలోంచి పాలలోకి ఏం దిగుతుందో అంతకంటే ముందు చూడాలి. కడుపులో ఉన్నప్పటి నుంచి మొదటి రెండు మూడేళ్ల దాకా మెదడు చాలా వేగంగా ఎదుగుతుంది. ఆ వయసులో ఒంట్లోకి చేరిన రసాయనాల ప్రభావం తర్వాత పిల్లల ప్రవర్తనలో బయటపడవచ్చు.

ముందుగా పాతకాలపు పాలీకార్బొనేట్ సీసా సంగతి. చూడటానికి గాజులా తళతళలాడుతుంది, కిందపడినా పగలదు. దాన్ని తయారుచేసేది బిస్ఫినాల్-ఎ (బీపీఏ) అనే రసాయనంతో. ఇది ఒంట్లో ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌లా పనిచేయగలదు. వేడి తగిలినా, సీసా లోపల గీతలు పడినా ఎక్కువగా పాలలోకి దిగుతుంది. పాలసీసాల్లో దీని వాడకాన్ని ఐరోపా యూనియన్ 2011లో, అమెరికా 2012లో నిషేధించాయి. ఎవరైనా వాడిన సీసా ఇస్తే తిప్పి అడుగున చూడండి. త్రిభుజంలో 7 అంకె ఉంటే అది 'ఇతర' ప్లాస్టిక్. పాలీకార్బొనేట్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పక్కా సమాచారం లేకపోతే మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి.

ఇప్పుడు ఎక్కువగా దొరికేవి 'బీపీఏ ఫ్రీ' సీసాలు, అడుగున 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్‌వి. తేలిక, పగలవు, బిడ్డే పట్టుకోగలదు. కానీ ఆ లేబుల్ ఒక్క బీపీఏ లేదని మాత్రమే చెబుతుంది. 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు ఈ రకం సీసాల్లో పాలు కలిపే పద్ధతిలోనే వేడినీళ్లు పోసి చూస్తే, లీటరుకు 1.6 కోట్ల దాకా మైక్రోప్లాస్టిక్ రేణువులు, అంటే అతి చిన్న ప్లాస్టిక్ ముక్కలు కనిపించాయి. నీళ్లు ఎంత వేడిగా ఉంటే రేణువులు అంత ఎక్కువ.

గాజుకు ఈ బెడద లేదు. మరిగే నీళ్లు పోసినా పాలలోకి దిగేది దాదాపు ఏమీ ఉండదు. బరువు, పగిలే భయం నిజమే. అయితే బయట రంగుల బొమ్మలున్నది వద్దు. ఆ రంగుల్లో సీసం (లెడ్), కాడ్మియం లాంటి విష లోహాలు ఉండే అవకాశం ఉంది. సీసం ఏకాగ్రతను దెబ్బతీస్తుందని, దుడుకుతనం పెంచుతుందని ఎప్పుడో తేలిపోయింది. అందులో ఇంత వరకు ఫర్వాలేదనే మోతాదే లేదు.

స్టీలుది పగలదు. లోపల ఏ పూతా లేని ఫుడ్ గ్రేడ్ రకమైతే నిశ్చింత. కాకపోతే పాలు ఎంత మిగిలాయో, లోపల శుభ్రంగా ఉందో లేదో బయటికి కనిపించదు.

నా ఓటు ఇంట్లో సాదా గాజుకు, ప్రయాణాల్లో స్టీలుకు. ఉన్నది ప్లాస్టిక్ సీసానే అయితే టెన్షన్ పడి పారేయక్కర్లేదు, వాడే పద్ధతి మారిస్తే చాలు. పాలపొడిని వేడినీళ్లతో గాజు లేదా స్టీలు గిన్నెలో కలిపి, చల్లారాక సీసాలో పోయండి. సీసాను మరిగించాక, విడిగా కాచి చల్లార్చిన నీళ్లతో లోపల కడిగి వాడండి. పాలను అందులోనే మైక్రోవేవ్‌లో పెట్టొద్దు.

ఈ లెక్కంతా పుట్టిన తర్వాతి మాట. అమెరికాలోని సిన్సినాటిలో తల్లీపిల్లలను ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. గర్భంతో ఉండగా మూత్రంలో బీపీఏ ఎక్కువగా కనిపించిన తల్లుల ఆడపిల్లల్లో మూడేళ్ల వయసుకు ఆందోళన, దిగులు, చురుకుదనం శృతిమించడం ఎక్కువగా ఉన్నాయి. పిల్లల ఒంట్లోని బీపీఏతో మాత్రం అంత సంబంధం కనబడలేదు. బీపీఏ వల్లే అలా అయిందని దీన్నిబట్టి తేల్చలేం, కానీ జాగ్రత్త ఎప్పుడు మొదలుపెట్టాలో అర్థమవుతుంది. కాబట్టి సీసా ఎంపిక కంటే ముందు, కడుపుతో ఉన్న అమ్మాయి డబ్బాల్లో నిల్వచేసిన ఆహారం (డబ్బా లోపలి పూతలో బీపీఏ ఉండొచ్చు) తగ్గించడం, వేడి వేడి అన్నం, కూరలు ప్లాస్టిక్‌లో పెట్టుకోకపోవడం, షాపుల్లో మెషీన్ నుంచి వచ్చే థర్మల్ కాగితం బిల్లులు (వాటిలోనూ బీపీఏ ఉండొచ్చు) పట్టుకున్నాక చేతులు కడుక్కోవడం ముఖ్యం.