మెహదీపట్నం రైతుబజారు: అన్నం పక్కన కూర పెట్టగలిగే చోటు

రైతు తన పంటను దళారీ లేకుండా నేరుగా అమ్ముకోవాలని 1999లో మొదలైన రైతుబజార్లలో నేను కూరగాయలకు వెళ్లేది హైదరాబాద్‌లోని మెహదీపట్నం బజారుకు. చాలీచాలని జీతంతో ఇల్లు నడిపేవారికి దీని విలువ ఎంతో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తుంది కానీ, కూరగాయలకూ పప్పుకూ రోజూ నగదు కావాలి. అందుకే చేతిలో డబ్బు తగ్గగానే కంచంలో ముందు తగ్గేది కూర. ఆ ఖాళీని అన్నమూ పచ్చడీ నింపుతాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 250 గ్రాముల ధాన్యాలు సూచించగా, పేద ఇళ్లలో ఈ లెక్క తలకిందులవుతుంది. కడుపు నిండినా రక్తహీనత పోదు, ఏళ్లు గడిచేకొద్దీ మధుమేహం ముప్పు పెరుగుతుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చినవి ఆకుకూరలు. తోటకూర, పాలకూర, గోంగూర తాజాగా దొరుకుతాయి. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కనుక బేరమాడలేని వృద్ధులు కూడా నిశ్చింతగా కొనవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కావడంతో, దూరపు బస్తీల నుంచి వచ్చే ఆడవారికి మిగిలిన పైసలు ఛార్జీలకు పోవడం లేదు.

అయితే చవకైన కూరగాయలతోనే పోషణ పూర్తికాదు. కందిపప్పు, గుడ్లు, పాలు కూడా ఇదే తీరున సామాన్యుల అందుబాటులోకి రావాలని నా గట్టి కోరిక. కొనడానికి వెళ్లేవారు ఉదయాన్నే వెళ్లండి, ఆకుకూరలు అప్పుడే బాగుంటాయి.