ఒక టన్నా, టన్నున్నరా? బంగ్లా మీది గదికి ఏ ఏసీ మేలు?

హన్మకొండలో 10 బై 12 బెడ్‌రూమ్‌కు ఏసీ కావాలంటే షాపులో అడుగులు లెక్కబెట్టి "ఒక టన్ను చాలు" అంటారు. పైన ఇంకో అంతస్తు ఉంటే నిజంగానే చాలు. అదే గది మీద ఒట్టి స్లాబుండి, పడమర గోడకు ఎండ కొడుతుంటే చాలదు. మే నెలలో పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడిని కిందికి దింపుతూనే ఉంటుంది. పడుకునే ముందు ఆ గోడకు చెయ్యి ఆనించి చూడండి, ఎన్ని టన్నులు కావాలో అదే చెప్తుంది.

ఒక టన్ను అంటే గదిలోంచి సుమారు 3,500 వాట్ల వేడిని బయటికి తోసే శక్తి. టన్నున్నర అంటే 5,250. ఇది బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచిన లెక్క. మన దగ్గర 44 దాటిన రోజు చాలా మిషన్లు అంత ఇవ్వలేవు. చిన్నది పెడితే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, గది మాత్రం చల్లబడదు. ఇంకో సంగతి, టన్నున్నర అని అమ్మేవన్నీ 5,250 ఇవ్వవు. స్టార్ లేబుల్ మీద వాట్లు చదవండి.

అట్లని రెండు టన్నులకు పోవద్దు. కంప్రెసర్ ఒకే వేగంతో తిరిగే ఫిక్స్‌డ్ స్పీడ్‌దైతే గాలిని తొందరగా చల్లబరిచి కట్ అవుతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. తేమ లాగే టైమే దొరకదు. వానాకాలంలో గది చల్లగానే ఉంటుంది, దుప్పటి మాత్రం చెమ్మగా తగులుతుంది. ఇన్వర్టర్ ఏసీ వేగం తగ్గించుకుని నడుస్తుంది, అందుకే అర టన్ను ఎక్కువైనా ఇబ్బంది తక్కువ. పై అంతస్తుకు టన్నున్నర ఇన్వర్టరే మేలు, మధ్య అంతస్తుకు ఒక టన్ను.

కొనే ముందు స్లాబు మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించండి. ఏసీ మీద చాలా భారం అక్కడి నుంచే వస్తుంది. టన్ను తీసి టన్నున్నర పెడుతుంటే పాత రాగి పైపు వాడనివ్వకండి. చాలా మోడళ్లలో టన్నుకు గ్యాస్ పైపు మూడు సూతలు (సూత అంటే అంగుళంలో ఎనిమిదో వంతు), టన్నున్నరకు నాలుగు. వైరు 4 ఎంఎం వేయించి, ఏసీకి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు కట్ చేసే స్విచ్) పెట్టించండి. అవుట్‌డోర్ యూనిట్‌ను గ్రిల్లు, షీట్లతో మూసేస్తే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది, అప్పుడు టన్నున్నర కూడా టన్నులాగే పనిచేస్తుంది.